తిరగేసిన విరాటపర్వం

ఎడిసన్, న్యూజెర్సీ
12 అక్టోబరు 2025, ఆదివారం

ఒరేయ్ శీనూ,

ముందు నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేయ్, తర్వాత తీరిగ్గా చదువుదువుగానీ. నీ గృహప్రవేశం ఫొటోలు పంపితే బాగున్నాయని ఒక్క ముక్క రాసి, రాత్రికి ఫోన్ చేస్తానన్నాను. అయిదు నెలలైంది, ఆ రాత్రి ఇంకా రాలేదు. తప్పు నాదే, క్షమించు. నువ్వు తీరిగ్గా ఉన్నప్పుడు నేను నిద్రలో ఉంటాను, నేను తీరిగ్గా ఉన్నప్పుడు నీకు బడి. పైగా ఇప్పుడు చెప్పబోయే సంగతి ఫోన్లో సగం చెప్పి పెట్టేసేది కాదు. రేపు అమ్మ బయలుదేరుతోంది. ఉత్తరం రాసిస్తే తెనాలి చేరగానే నీ చేతికే ఇస్తానంది. అందుకే పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. సునీత ఉద్యోగం మారింది. బాబు రెండో తరగతికొచ్చాడు, ముందు పళ్ళు రెండూ ఊడాయి. నాన్నగారి మోకాలు ఎలా ఉందో రాయి. ఇక అసలు సంగతికొస్తున్నా.

మా అమ్మ షేక్స్‌పియర్ నాటకం చూసిందిరా! న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, ఆరుబయట, పైసా టికెట్ లేకుండా. ఏ నాటకమో తెలుసా? ట్వెల్ఫ్త్ నైట్. నీ నాటకం!

2006 కాలేజీ డే కళ్ళ ముందుకొచ్చేసింది. ఆడపిల్లలెవరూ ముందుకు రాకపోతే కథానాయిక వయోలా వేషం నీకు కట్టారు. మగపిల్లాడివి ఆడపిల్లవై, ఆ ఆడపిల్ల మళ్ళీ మగవేషం కడితే దానికి పైన ఇంకో మీసం. ఆ మీసం ఊడి రాజు ఆర్సినో భుజానికి అంటుకుంటే, తెర పక్కన ప్రాంప్టింగ్ చెబుతున్న నాకు డైలాగు ఎక్కడుందో కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళు. నువ్వు మాత్రం చలించకుండా దాన్ని తీసి జేబులో పెట్టుకుని సీను పూర్తి చేశావు. కూజా సంగతి రాయను, ఉత్తరం అమ్మ చేతికిస్తున్నాను కదా.

ఆ పార్కులో డెలాకోర్ట్ అని ఆరుబయట రంగస్థలం ఉంది. సగం గుండ్రంగా మెట్లమెట్లుగా సుమారు 1,800 సీట్లు. వేదిక వెనక తాబేళ్ళ చెరువు, దాని మీద రాతిగుట్ట, గుట్ట మీద బెల్వెడియర్ కోట. ఏటా ఎండాకాలంలో అక్కడ షేక్స్‌పియర్‌ని ఉచితంగా ఆడతారు. బాగుచేయడానికి మూసేసి, 8.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, ఈ ఆగస్టులోనే మళ్ళీ తెరిచారు. న్యూయార్క్ మేడల మీద పాత చెక్క నీళ్ళ ట్యాంకులుంటాయి చూడు, వాటి చెక్కతోనే బయటి గోడలకి కొత్త తొడుగు వేశారు. అమ్మ ఆ చెక్క మీద చెయ్యేసి నిమిరింది. "పాత దూలాల్లాగా ఉన్నాయిరా" అంది.

అమ్మకి ఇక్కడ నేను చూపించనిదేమీ లేదు. నయాగరా, లిబర్టీ బొమ్మ, టైమ్స్ స్క్వేర్. అన్నిటికీ "బాగుందిరా" అని ఒకే మాట. నీ గృహప్రవేశం భోజనాల గురించి మాత్రం వచ్చిన వారందాకా చెప్పింది. అలాంటి మనిషిని ఆగస్టు చివరి వారంలో ఓ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నాటకానికి వెళ్దామంటే, మారు మాట్లాడకుండా లేచి పులిహోర కలపడం మొదలుపెట్టింది. "టికెట్ ఎంతరా?" అంది. ఊరికేనే అన్నాను. "ఊరికే ఎవడాడతాడు? ఎవరో ధర్మదాత ఉండుంటాడు" అంది. ఆ మాట గుర్తుపెట్టుకో.

ఎలా ఉంటుందంటే, టికెట్లు మధ్యాహ్నం పన్నెండింటికి ఇస్తారు. మనిషికి రెండు. కానీ జనం తెల్లవారకముందే వస్తారు. పార్కు ఆరింటికి తెరుస్తారు కాబట్టి అంతవరకూ 81వ వీధి దగ్గర బయట నిలబడాలి. ఆరవగానే అక్కడి పనివాళ్ళే వరస చెదరకుండా లోపలికి నడిపించుకెళ్తారు. చెట్ల కింద దారి పొడవునా దుప్పట్లు పరుచుకుని పన్నెండిటిదాకా కూర్చోవడమే. కొందరు నిద్రపోతారు, కొందరు పేకాడతారు, దగ్గర్లోని హోటళ్ళవాళ్ళు ఆ లైన్లోకే టిఫిన్ తెచ్చిస్తారు. అమ్మ ఇండియన్ స్టోర్లో కొన్న ప్లాస్టిక్ చాప పరిచి, చెప్పులు నాలుగు మూలలా బరువు పెట్టి, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కసారి చుట్టూ చూసి, "ఒరేయ్, ఇది మన తిరునాళ్ళే!" అంది. అయిదు నెలల్లో అమ్మ మొహంలో ఆ వెలుగు అప్పుడే చూశాను.

తన చిన్నప్పుడు గుడి ముందు నాటకం ఉందంటే మధ్యాహ్నమే చాపలేసి జాగా పట్టుకునేవాళ్ళట. ఒక్క చాప వేస్తే ఇంటిల్లిపాదికీ చోటున్నట్టే. ఇక్కడ అది కుదరదు. మాకు ముందున్న కుర్రాడి స్నేహితురాలు తొమ్మిదింటికొచ్చి పక్కన చేరబోతే, అక్కడి పనివాళ్ళు మర్యాదగానే చివరికి పంపించారు. అమ్మకి ప్రాణం ఒప్పలేదు. ఆ పిల్లని పిలిచి కాగితం పళ్ళెంలో పులిహోర పెట్టిచ్చి మరీ పంపింది.

మా వెనక మడతకుర్చీలో ఓ పెద్దావిడ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్నతో వచ్చేదట, అప్పట్నుంచీ వస్తూనే ఉంది. ఆవిడ చెబుతుంటే నేను అమ్మకి తెలుగులో చెప్పాను. జోసెఫ్ పాప్ అని బ్రూక్లిన్‌లో పేదింట్లో పుట్టినవాడు, వాళ్ళ నాన్న పెట్టెలు తయారుచేసేవాడు. కొనడానికి డబ్బుల్లేక ఊరి లైబ్రరీలో షేక్స్‌పియర్‌ని చదువుకున్నాడు. లైబ్రరీ ఊరికే ఉన్నట్టు నాటకమూ ఊరికే ఉండాలన్నది ఆయన పట్టు. 1954లో మొదలుపెట్టి, 1957లో ట్రక్కు మీద వేదిక పెట్టుకుని పేటపేటకీ తిప్పుతుంటే ఆ ట్రక్కు ఈ చెరువు దగ్గర మొరాయించిందట. ఇక ఇక్కడే ఆడేశారు. 1959లో పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ అడ్డుపడ్డాడు. జనం తొక్కి గడ్డి పాడవుతోంది, టికెట్ పెట్టి ఆ డబ్బు కట్టండి అన్నాడు. నగరంలో ఆయన మాటకి ఎదురులేని రోజులవి. పాప్ ససేమిరా అన్నాడు, కోర్టుకెళ్ళాడు, పై కోర్టులో గెలిచాడు. 1962లో ఈ రంగస్థలం కట్టి, వెనిస్ వర్తకుడి నాటకంతో తెరిచారు.

ఇదంతా విని అమ్మ ఏమందో తెలుసా? "గడ్డి మళ్ళీ మొలుస్తుంది కదరా!"

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. పెద్దావిడ కుర్చీలోంచి ముందుకు వంగి అమ్మ చెయ్యి పట్టుకుంది.

తర్వాత అమ్మ కథ చెప్పమంది. ఓడ మునిగి, కవలల్లో అన్న ఒకవైపు, చెల్లెలు ఒకవైపు కొట్టుకుపోయారు. ఊరుకాని ఊళ్ళో చెల్లెలు మగవేషం కట్టి రాజు కొలువులో చేరింది. అంతవరకూ చెప్పానో లేదో, "ఇది విరాటపర్వం తిరగేసినట్టుందే! బృహన్నల మగాడు, ఆడవేషం. ఇది ఆడపిల్ల, మగవేషం. కొలువులో ఉండటం, ఎవరికీ తెలియకపోవడం అన్నీ అవే" అంది. మూడేళ్ళు మనకి ట్వెల్ఫ్త్ నైట్ పాఠం చెప్పారు, బజారు నోట్సు బట్టీపట్టి రాశాం. ఒక్కరికైనా ఆ ముక్క తట్టిందా?

ఇంకా విను. చివర్లో అన్నాచెల్లెళ్ళు ఎదురుపడతారు, ఇద్దరూ చనిపోయారనుకున్న మనిషినే చూస్తుంటారు, నమ్మలేరు అని చెప్పి, ఆవకాయ బాటిల్ మూత రాక ఆగాను. అమ్మ ఆ బాటిల్ నా చేతిలోంచి తీసుకుంటూ "పుట్టుమచ్చ అడుగుతారా?" అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. పెద్దావిడ దగ్గర నాటకం పుస్తకముంటే ఇప్పించుకుని అయిదో అంకం తీశాను. ఉందిరా! మా నాన్న నుదుటి మీద పుట్టుమచ్చ ఉండేది అంటుంది వయోలా. మా నాన్నకీ ఉండేది అంటాడు అన్న సెబాస్టియన్. ఆ మాట నువ్వు వేదిక మీద చెప్పావు, నేను తెర పక్కన అందించాను, ఇద్దరికీ గుర్తులేదు. అమ్మకి మాత్రం ఇందులో వింతేమీ లేదు. "తప్పిపోయినవాళ్ళని ఇంకెలా పోలుస్తారు?" అంటూ బాటిల్ మూత తీసి ఇచ్చింది.

పన్నెండింటికి నాలుగు టికెట్లు చేతికొచ్చాయి. సాయంత్రానికి సునీత, బాబు కూడా వచ్చారు. ఎనిమిదింటికి మొదలైంది. వేదిక మీద నిలువెత్తును మించిన ఇంగ్లీషు అక్షరాలు, "వాట్ యూ విల్" అని, నాటకానికి ఉన్న రెండో పేరు అది. ఒలీవియా దొరసాని ఇంటి పెత్తందారు మాల్వోలియోగా పీటర్ డింక్లేజ్ పసుపు రంగులో తయారై వచ్చేసరికి నాకు మన మెస్సులో పసుపు మేజోళ్ళాయన గుర్తొచ్చి... నువ్వే ఊహించుకో. ఒలీవియాగా నటి శాండ్రా ఓ. పైన విమానం వెళ్ళినా ఎవరూ గొంతు తగ్గించలేదు. మెట్ల పక్కనుంచి రకూన్ ఒకటి తీరిగ్గా నడిచి వెళ్ళింది. అదేదో పిల్లిలా, కళ్ళకి గంతలు కట్టినట్టు ఉంటుంది. మా బాబు నాటకం కన్నా దాన్నే ఎక్కువసేపు చూశాడు.

వయోలా వేసింది లుపీటా న్యోంగో. సెబాస్టియన్ వేసింది ఆమె సొంత తమ్ముడు జూనియర్ న్యోంగో. కెన్యా వాళ్ళు. దర్శకుడు సహీమ్ అలీదీ కెన్యాయే. అందుకని కొన్నిచోట్ల వాళ్ళు స్వాహిలీలో మాట్లాడుకుంటారు. అలా మొదటిసారి వినపడగానే అమ్మ నా మోచెయ్యి పొడిచింది. "ఒరేయ్, ఇది ఇంగ్లీషు కాదు కదూ?" కాదమ్మా, వాళ్ళ భాష అన్నాను. "మరి వీళ్ళందరికీ అర్థమవుతుందా?" ఎవరికీ అర్థం కాదు అన్నాను. అమ్మ వెనక్కి తిరిగి, మెట్లమీద పైదాకా నిండిన ఆ జనాన్ని నిదానంగా చూసింది. అందరూ కన్నార్పకుండా వింటున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు. ఆ తర్వాత నేను చెవిలో తెలుగు చెప్పబోతే "నువ్వుండు, నాకు తెలుస్తోంది" అంది. సీటుకి జారబడి కూర్చున్న మనిషి నిటారుగా కూర్చుంది. శీనూ, ఈ ఒక్కటి నీకు చెప్పడం కోసమే ఈ ఉత్తరం. వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి షాపులో, ప్రతి కౌంటర్ దగ్గర నా వెనక నిలబడి నేనేం చెబుతానా అని చూసిన మనిషి, ఆ రాత్రి పద్ధెనిమిది వందల మందితో సమానంగా కూర్చుంది.

అన్నాచెల్లెళ్ళు ఎదురుపడినప్పుడు నేను వేదిక వైపు చూడలేదు. అమ్మనే చూశాను. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వస్తుంటే కార్లో చాలాసేపు మాట్లాడలేదు. టన్నెల్ దాటాక వాళ్ళ నాన్న సంగతి ఎత్తింది. తాతయ్య తెనాలిలో స్థానం నరసింహారావు గారి సత్యభామని చూసి, ఆ పద్యాలు పొలంలో పాడుకునేవాడట. మగాడు కట్టిన సత్యభామని చూసి ఊళ్ళో ఆడవాళ్ళు కొంగు ఎలా వేసుకోవాలో నేర్చుకునేవాళ్ళట. నాటకానికి తీసుకెళ్తే మధ్యలో నిద్రపోతానని అమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మంచి పద్యం వచ్చినప్పుడు లేపేవాడట. "ఇవాళ ఒక్కసారి కూడా నిద్ర రాలేదురా" అంది. నాన్న కూడా ఉండుంటే... సరే, వద్దులే.

ఆ రోజు నుంచీ నాకో ఆలోచన. మీ బడి వెనక వేపచెట్టు కింద సిమెంటు గట్టుంది కదా. నీ తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక్క సీను, ఆ పుట్టుమచ్చ సీనే, తెలుగులో. నువ్వు రాస్తే నేను చూసి పంపుతాను. సంక్రాంతికి మేమొస్తున్నాం, పెదనందిపాడు వాళ్ళని కూడా పిలుద్దాం. చాపల సంగతి అమ్మ చూసుకుంటుంది. మీసానికి మాత్రం ఈసారి గమ్ ఇక్కణ్ణుంచే

ఒరేయ్, అమ్మ సూట్‌కేసు తూకం వేయమని పిలుస్తోంది, ఇరవై మూడు కిలోలు దాటిందట. తీసేయడానికి ఏమీ లేదంటోంది, ఆ చాప కూడా పెట్టింది. ఇంకా రెండు పేజీలు రాయాల్సింది ఉంది, పెద్దావిడ చివర్లో అమ్మకి ఇచ్చిన

ఉత్తరం ఇమ్మంటోంది. అది అమ్మనే అడుగు.

నీ
రవి