జూన్ 15 రాత్రి మూడో మెట్టు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మార్చిలో వచ్చింది. ఇప్పుడు జూన్ చివర. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఇవాళ ఆదివారం, మా అమ్మాయి బుజ్జి ఈత పోటీలకి వచ్చి గ్యాలరీలో కూర్చున్నా. దాని రేసుకి ఇంకా గంట పైనే ఉంది. ఈలోపు రాసేస్తా.

అమ్మకి కన్ను ఆపరేషన్ బాగా జరిగింది, మళ్ళీ పేపర్ చదువుతోంది. నీ చెల్లి ఉద్యోగం మారింది. వడగళ్ళకి ఇంటి పైకప్పు పాడైతే బాగు చేయించాం. ఇంతే కబుర్లు. అసలు సంగతి వేరే ఉంది, రెండు వారాలుగా ఎవరికీ చెప్పుకోలేక కడుపుబ్బిపోతోంది.

బుజ్జి పదో తరగతి అయిపోయింది కదా. ఇక్కడ అమెరికాలో ఒక రూలుంది. మొదటి డివిజన్ (కాలేజీ ఆటల్లో పైస్థాయి) కాలేజీల ఈత కోచ్‌లు, పిల్లలు పదో తరగతి ముగించిన జూన్ 15 వచ్చేదాకా వాళ్ళతో రిక్రూటింగ్, అంటే జట్టులోకి తీసుకునే మాటే ఎత్తకూడదు. అందుకని జూన్ 14 రాత్రి పన్నెండు ఎప్పుడవుతుందా అని దేశమంతా ఈ పిల్లలు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. మా ఇంట్లో మెట్ల మీద నేను, అది, నీ చెల్లి. అచ్చం చిన్నప్పుడు ఈత నేర్చుకున్న మన మోటబావి మూడో మెట్టు పరిస్థితి. దూకాలి, దూకలేం, వెనక్కీ పోలేం. నీకు తప్ప ఎవరికి అర్థమవుతుంది చెప్పు!

పన్నెండయింది. ఏమీ లేదు. పన్నెండుంపావుకి టింగుమంది. ముగ్గురం ఒక్కసారి లేచాం. తీరా చూస్తే అందరికీ పంపే ఉత్తరం, "మా ఫారం నింపండి" అని. దాని స్నేహితురాలికి అప్పటికే నాలుగు మెసేజీలు వచ్చాయట. బుజ్జి ఏమీ అనలేదు. జడ విప్పుకుని, అమ్మమ్మ పంపిన కొబ్బరినూనె రాసుకుని పడుకుంది. క్లోరిన్‌కి జుట్టు గడ్డిలా అయిపోతోందని రోజూ రాస్తుందిలే. కానీ ఆ రాత్రి అది ఎంత నెమ్మదిగా రాసుకుందో చూస్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి పొద్దున్నే ఐదింటికి లేచిన పిల్లరా అది.

మర్నాడు ఫాదర్స్ డే. సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది. మొదటి డివిజన్లోనే ఒక మధ్యరకం కాలేజీ, పేరు ఇప్పుడు రాయను. కోచ్ ఇరవై నిమిషాలు మాట్లాడింది. స్పీకర్ పెట్టమంటే బుజ్జి పెట్టింది, మేం మాత్రం నోరు మెదపకూడదని షరతు.

కోచ్ దాచకుండా చెప్పింది. బుజ్జి 100 గజాల బ్రెస్ట్ స్ట్రోక్ (కప్పలా కాళ్ళు తన్నుతూ ఈదేది) టైం 1:04.82, అంటే నిమిషం 4.82 సెకన్లు. (ఇక్కడ కాలేజీ ఈత గజాల్లో. 100 గజాలంటే 91 మీటర్ల చిల్లర.) పదకొండో తరగతి అయ్యేలోపు 1:03కి వస్తే చోటు గురించి మాట్లాడదాం, ఇప్పటికైతే గమనిస్తూ ఉంటానంది. ఇంతకు ముందైతే ఇలాంటి పిల్లల్ని స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో పెట్టుకుని ఎదగనిచ్చేవాళ్ళట. ఈ నెల, అంటే 2025 జూన్ 6న, కోర్టు కాలేజీ ఆటల కేసులో ఒక పెద్ద ఒప్పందానికి ఆమోదం వేసింది. దాని కిందికి వచ్చే కాలేజీల్లో ఆడపిల్లల జట్టుకి 14 స్కాలర్‌షిప్పులన్న పాత పరిమితి పోయి, జట్టు మొత్తం 30 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. డబ్బు ఎంతమందికైనా ఇవ్వొచ్చు, కానీ మనుషుల్ని ఎక్కువ పెట్టుకోకూడదు. అంటే మెల్లగా ఎదిగే పిల్లకి తలుపు సన్నబడింది. ఇది నాకు అన్యాయంగానే తోస్తోంది. పదహారేళ్ళ పిల్ల ఒక ఏడాదిలో ఎంత మారిపోతుందో ఎవరు చెప్పగలరు? నువ్వు పదో ఏట నీళ్ళంటే వణికావు, పదకొండో ఏట మోటబావికి అడ్డంగా...

సరే, అది కాదు. ఆఖర్న కోచ్, నువ్వేమైనా అడుగుతావా అంది. బుజ్జి అడిగింది కదా, "నాకు మోకాలు దెబ్బతింటే ఆ డబ్బు ఉంటుందా, తీసేస్తారా?"

బ్రెస్ట్ స్ట్రోక్ వాళ్ళకి మోకాలే గండం. నేను అడగాలనుకుని, కోచ్‌కి కోపం వస్తుందేమోనని అడగొద్దనుకున్న ప్రశ్న అది! కోచ్ కాసేపు ఆగి, "మంచి ప్రశ్న. ఏ కోచ్ మాట ఇచ్చినా ఇది కాగితం మీద రాయించుకో" అంది. ఫోన్ పెట్టేశాక బుజ్జి నవ్వింది. 1.82 సెకన్లు తగ్గించాలి నాన్నా, అంది. అంతే, బ్యాగు తీసుకుని ప్రాక్టీసుకి వెళ్ళిపోయింది. నేను గరాజ్‌లో నిలబడి ఏడ్చాను బావా.

ఇక్కడ మనవాళ్ళు కనబడితే ఒకటే అడుగుతారు, "ఈతతో ఫ్రీ సీటు వస్తుందటగా?" అని. ఈతలో మొత్తం ఫీజు ఇచ్చేది ఎక్కడో ఒకరిద్దరికి, మిగతా అందరికీ ముక్కలు ముక్కలుగా పంచుతారు. ఐవీ కాలేజీలూ (హార్వర్డ్ లాంటి పాత పేరున్నవి) మూడో డివిజన్ కాలేజీలూ ఆటకని పైసా ఇవ్వవు. అయినా నా మనసు మూడో డివిజన్ వైపే లాగుతోంది. తక్కువనుకోకు, ఎం.ఐ.టి., జాన్స్ హాప్‌కిన్స్ ఈదేది అందులోనే. ఒహాయోలో కెన్యన్ అని చిన్న కాలేజీ, మగపిల్లల జట్టు 1980 నుంచి 2010 దాకా వరసగా 31 ఏళ్ళు ఆ డివిజన్ ఛాంపియన్! ఆ డివిజన్లో చాలాచోట్ల మార్కులకి, ఇంటి ఆదాయానికి తగ్గ సాయం దొరుకుతుంది, అడ్మిషన్‌కి కోచ్ ఒక మాట వేస్తారు. మోకాలు పోయినా చదువు ఉంటుంది. ఈ మాట బుజ్జితో అంటే మాత్రం, "ముందు 1:03 చూడనివ్వు" అంటుంది. నీ చెల్లీ దానివైపే. నాకేమో, నిజంగా చెప్తున్నా, అది అక్కడికి చేరకపోతే ఎలా తట్టుకుంటుందోనని...

ఒకటి అడగాలి నిన్ను. ఆ రోజు బావిలో తేలడానికి నీ నడుముకి కట్టిన సొరకాయ బుర్ర ఊడిపోయినప్పుడు, గట్టు మీద మీ నాన్న దూకకుండా ఎలా నిలబడ్డాడురా? ఆయన్ని అడిగి రాయి. నాకు ఇప్పుడు అది తెలియాలి.

అయ్యో, దాని రేసు పిలిచేశారు. నాలుగో లేన్, నీలం టోపీ. ఇది 50 మీటర్ల పూల్, ఈ టైం లెక్క వేరు, అయినా చేతులు వణుకుతున్నాయి. దూకే బ్లాకు ఎక్కింది, ఉంటా