మన ఆరోగ్య సంఘం జమా ఖర్చులు: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు

ఊళ్లో ఉన్నవాళ్లకీ, హైదరాబాద్, విశాఖ, గుజరాత్‌లోని వెరావల్, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకీ నమస్కారం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల కోసం పెట్టుకున్న మన సంఘం కోశాధికారిగా ఏడాది లెక్క మీ ముందు పెడుతున్నాను. ముందు అంకెలు చూడండి. వాటి వెనక ఏం జరిగిందో ఆ తర్వాత చెప్తాను.

జమ

పోయిన ఏడాది మిగులు (బ్యాంకులో 37,210, చేతిలో 1,250): 38,460
సభ్యత్వ రుసుము, 64 మంది, తలా 500: 32,000
నెలనెలా ఇచ్చేవారి నుంచి: 2,36,000
బ్యాంకు ద్వారా వచ్చిన విడి విరాళాలు: 1,84,500
సంక్రాంతికి ఇంటింటి వసూలు: 71,340
జీడిపిక్కలు అమ్మగా, 5 బస్తాలు: 49,000
బ్యాంకు వడ్డీ: 3,182
మొత్తం: 6,14,482

ఖర్చు

డయాలసిస్ బండి, 304 రోజులు, రోజుకు 900: 2,73,600
అత్యవసర ప్రయాణాలు, 17: 46,700
రక్త, మూత్ర పరీక్షలు: 38,640
మూడు శిబిరాల ఏర్పాట్లు: 21,850
గుడ్లు, 126 అట్టలు: 20,790
ఆరోగ్య కార్యకర్త గౌరవ వేతనం, నెలకు 4,000: 48,000
బీపీ మిషన్లు రెండు: 3,900
ఆడిట్, రిజిస్ట్రార్ ఆఫీసు కాగితాలు, రసీదు పుస్తకాలు, బ్యాంకు ఛార్జీలు: 13,972
మొత్తం: 4,67,452

మిగులు 1,47,030 రూపాయలు. ఇందులో బ్యాంకులో ఉన్నది 1,45,890, నా దగ్గర నగదుగా ఉన్నది 1,140.

ఖర్చులో అన్నిటికంటే పెద్దది బండి. రెండు బండి పద్దులూ కలిపితే 3,20,300 అయింది, అంటే మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులకు పైనే. "ఆరోగ్య సంఘం అని పేరు పెట్టుకుని మందులు కొనకుండా బండి అద్దెలు కడుతున్నారేంటి" అని ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. అడగడం న్యాయమే కాబట్టి వివరంగా చెప్తాను.

మన వజ్రపుకొత్తూరు మండలం నుంచి పలాస వెళ్తే డయాలసిస్, అంటే కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేయడం, ఉచితంగా చేస్తారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మిషన్ ఉంది, డాక్టరు ఉన్నారు, సూది ఉంది. రోగి అక్కడికి చేరడమే కష్టం. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. ఒక్కరే ఆటో మాట్లాడుకుంటే రానుపోను 600 అడుగుతారు. వారానికి 1,800, నెలకు ఏడు వేలు దాటుతుంది. డయాలసిస్ వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 10,000. అందులో ముప్పావు వంతు దారికే పోతే ఇల్లెలా గడుస్తుంది? అందుకే చాలామంది మూడుసార్లు వెళ్లాల్సింది రెండుసార్లు, ఆ తర్వాత ఒక్కసారి వెళ్లేవారు. ఒళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చాక అప్పు చేసి శ్రీకాకుళం పరిగెత్తేవారు. సంఘం పెట్టకముందు మనం పోగొట్టుకున్నవాళ్లలో కొందరు మందు లేక పోలేదు, ఆటో డబ్బులు లేక పోయారు. ఈ మాట రాస్తుంటే నాకు కష్టంగానే ఉంది, కానీ రాయాలి.

ఇప్పుడు ఒక బండిలో ఆరుగురు వెళ్తున్నారు. సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టు, మంగళ, గురు, శనివారాలు ఇంకో జట్టు. 900ని ఆరుగురికి పంచితే మనిషికి 150 పడుతుంది. పొద్దున్న ఐదున్నరకి రామాలయం దగ్గర బండి ఆగుతుంది. వీలైన రోజు నేనూ వెళ్లి నిలబడతాను. ఒక్కొక్కరి చేతిలో అర లీటరు సీసా ఉంటుంది. రోజంతా తాగగలిగే నీళ్లలో సగం అందులోనే కొలిచి పెట్టుకుంటారు. ఎండాకాలంలో ఆ సీసా వైపు చూసి మూత తియ్యకుండా ఒడిలో పెట్టుకున్న ఒక అక్కని చూశాను. ఆమె ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. ఆ చేత్తో సంచి మోయకూడదు, ఆ చేతికి బీపీ పట్టా కూడా కట్టకూడదు. డ్రైవరుకి ఎవరూ చెప్పకుండానే రోజూ దిగి ఆమె సంచి తీసుకుని లోపల పెడతాడు.

ఏడాది మొదట్లో 11 మంది ఉండేవారు. ఇద్దరు చనిపోయారు, ముగ్గురు కొత్తగా చేరారు, ఇప్పుడు 12 మంది. వాన, పండగ, బండి రిపేరు కలిపి తొమ్మిది రోజులు బండి తిరగలేదు. ఆ తొమ్మిది రోజులూ మన కుర్రాళ్లు బైకుల మీద దింపి తీసుకొచ్చారు, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. అది లెక్కలో లేదు గానీ మీకు తెలియాలి. చనిపోయిన ఇద్దరి కార్యాలకు సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదు. మన నియమావళిలో ఆ ఖర్చు లేదు. సభ్యులు ఎవరికి తోచింది వాళ్లు విడిగా ఇచ్చారు.

అత్యవసర ప్రయాణాల్లో శ్రీకాకుళానికి 12 (ఒక్కోటి 2,100), విశాఖకి 5 (ఒక్కోటి 4,300). 108 దొరికినప్పుడల్లా అందులోనే పంపాం, ఇవి అది కాక అయినవి. అర్ధరాత్రి బండికి బిల్లు పుస్తకం ఉండదు కాబట్టి ప్రతి ప్రయాణానికీ ఓచరు రాసి, డ్రైవరు సంతకం, వెంట వెళ్లినవారి సంతకం పెట్టించాం. పదిహేడు ఓచర్లూ ఫైల్లో ఉన్నాయి.

పరీక్షల సంగతి. శిబిరాల్లో 486 మందికి సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) చేయించాం, ఒక్కొక్కరికి 60 రూపాయల రాయితీ ధర. ల్యాబ్ వాళ్లే వచ్చి రక్తం తీశారు, వాడిన సూదులూ దూదీ వాళ్లే పట్టుకెళ్లారు. వాళ్లలో 93 మందికి మూడు నెలల తర్వాత మళ్లీ చేయించాం. "ఒకసారి చేశాక రెండోసారి ఎందుకు, డబ్బు దండగ కదా" అన్నారు. దండగ కాదు. ఎండలో పనిచేసి నీళ్లు తాగని రోజో, నొప్పి బిళ్లలు ఎక్కువ వేసుకున్న వారమో క్రియాటినిన్ పెరిగి ఉండొచ్చు. మూడు నెలలకు పైగా కిడ్నీ పని తగ్గి ఉంటేనే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒక్క రిపోర్టు పట్టుకుని ఒక మనిషికి ఆ ముద్ర వేయకూడదు. మన ప్రాంతంలో ఆ ముద్ర పడితే పిల్లల సంబంధాలు కూడా వెనక్కి పోతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఎవరి రిపోర్టు వాళ్ల చేతికే ఇచ్చాం. పేర్లు ఈ లెక్కలో లేవు, మీటింగులో అడిగినా చెప్పం.

రెండు విడతల రక్త పరీక్షలకు 34,740, మూత్రంలో ప్రోటీను చూసే స్ట్రిప్పుల పెట్టెలు ఆరింటికి 3,900. ఇక్కడ ఒక తప్పు జరిగింది. రెండు పెట్టెలు వాడకముందే గడువు తేదీ దాటిపోయింది, 1,300 రూపాయలు వృథా. కొన్నప్పుడు తేదీ చూడాల్సింది నేను, చూడలేదు. ఇకనుంచి ఏది కొన్నా గడువు తేదీ స్టాకు పుస్తకంలో రాయాలని తీర్మానం చేశాం.

కొందరు పరీక్షలకు బదులు ఊరికో నీళ్ల ప్లాంటు పెట్టమన్నారు. మన ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఇదీ కారణమని తేలలేదు. నీళ్లనీ, ఎండనీ, పురుగుమందులనీ, నొప్పి బిళ్లలనీ రకరకాలుగా అంటారు. హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం ప్రభుత్వం చేపట్టింది. మన నాలుగైదు లక్షలతో అంత పని చేయలేం. ముందే పట్టుకోవడం, మిషన్ దాకా చేర్చడం, ఈ రెండూ చేయగలం.

గౌరవ వేతనం 48,000 గురించి కూడా. మన కార్యకర్త నెలకు 4,000కి ఇంటింటికీ తిరిగి బీపీ చూస్తుంది, ఎవరు డయాలసిస్ మానేశారో కనుక్కుంటుంది, ఒళ్లు నొప్పులకు కొట్లో బిళ్లలు కొని మింగొద్దని నచ్చజెప్తుంది. జీడితోటలో పని చేసి వచ్చినవాళ్లకి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆమెనే అడగండి. ఇది తగ్గించమని ఒక సభ్యుడు అన్నారు. నా అభిప్రాయం వేరు, పెంచాలి. సర్వసభ్య సమావేశంలో 5,000 చేయాలని ప్రతిపాదిస్తున్నాను.

శిబిరాలకు అయిన 21,850లో టెంట్లు, కుర్చీలు, పొద్దున్న టిఫిను, ల్యాబ్ వాళ్ల ప్రయాణం ఉన్నాయి. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఒక్క పైసా లేదు. గుడ్లు డయాలసిస్ వాళ్లకి నెలకో అట్ట. మిషన్ మీద ఒంట్లో ప్రోటీను పోతుంది కాబట్టి డాక్టరు గుడ్డులో తెల్లసొన తినమన్నారు.

ఇక జమ వైపు. నెలకు 500 చొప్పున ఇస్తామన్నవారు 41 మంది. వారిలో 38 మంది పన్నెండు నెలలూ ఇచ్చారు. ముగ్గురు మధ్యలో ఆపారు. ముగ్గురూ చేపల వేటకి వెళ్లే ఇళ్లవాళ్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు ఇల్లు గడవడమే కష్టం. ఇచ్చినంతవరకు వాళ్లకి దండం. ఎవరూ వాళ్లని అడగొద్దని కోరుతున్నాను.

జీడిపిక్కల ఐదు బస్తాల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. డబ్బు ఇవ్వలేనివాళ్లు పిక్కలు ఇస్తామన్నారు. మే నెలలో ఆడవాళ్లు ఇంటికో కుంచెడో, దోసెడో తెచ్చి బడి వరండాలో పోశారు. ఒక ముసలామె కొంగులో ముడి వేసుకుని తెచ్చింది, విప్పితే పావుకిలో కూడా లేవు. ఆ పేరూ పుస్తకంలో రాశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తోటలు కూల్చేశాక మళ్లీ కాపు చూడటానికి ఎన్నేళ్లు పట్టిందో మనకు తెలుసు. 80 కిలోల బస్తా 9,800 చొప్పున పలాసలో అమ్మాం. తూకం చీటీ ఫైల్లో ఉంది.

సంక్రాంతి వసూలులో ఒక గాబరా పడ్డాను. రాత్రి లెక్క వేస్తే నగదు 900 తక్కువ వచ్చింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. టెన్షన్ భరించలేక నా సొంత 900 వేసి పెట్టెలో కలిపాను, ఆ సంగతి అధ్యక్షుడి గారికి రాతపూర్వకంగా చెప్పాను. మార్చిలో ఆడిటర్ కోసం రసీదుల అడుగు ముక్కలు ఒక్కొక్కటే తిప్పుతుంటే ఏడో పుస్తకంలో 100 రూపాయల రసీదుని మేము 1,000గా కూడినట్టు బయటపడింది. కమిటీ అనుమతితో నా 900 వెనక్కి తీసుకున్నాను. పైన చూపిన 71,340 సరిచేసిన అంకె.

రసీదు ఇవ్వకుండా తీసుకున్న డబ్బు ఏదీ లేదు. పది రూపాయలిచ్చినా పేరు, ఊరు అడుగుతున్నామని కొందరు విసుక్కున్నారు. పేరు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది. పన్ను సంగతి పక్కన పెట్టినా, 2022లో ఒకరి ఫోన్ నంబరుకి డబ్బులు వేయించుకుని సాయం చేసిన రోజుల్లో ఎంత మాట పడ్డామో గుర్తుందిగా. ఆ మనిషి ఒక్క రూపాయి తినలేదు. కానీ సొంత డబ్బూ ఊరి డబ్బూ ఒకే ఖాతాలో కలిసిపోతే నిరూపించుకునే దారి లేకపోయింది. అందుకే 2023లో ఏడుగురం కలిసి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘం నమోదు చేశాం. సంఘం పేరున పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు వచ్చే ఖాతా తెరిచాం. ఆ తర్వాత ఆదాయపు పన్ను వాళ్ల 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చినవారికి పన్ను మినహాయింపు) నమోదు.

80జి గురించి చాలామంది ఫోన్ చేస్తున్నారు కాబట్టి ఒక మాట. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఆ మినహాయింపు ఉంటుంది, కొత్త విధానంలో లేదు. 2,000 దాటి నగదుగా ఇస్తే దేనిలోనూ రాదు. ఈ 2024-25 విరాళాలకు పాన్ ఇచ్చినవారి వివరాలు 2025 మే 31లోగా ఫారం 10బిడిలో పెట్టాలి, దాన్నుంచే మీ సర్టిఫికెట్ వస్తుంది. పాన్ ఇవ్వనివాళ్లకి మేము చేయగలిగింది లేదు.

అమెరికాలో ఉన్న మన ఊరి అబ్బాయి లక్ష రూపాయలు పంపుతానన్నాడు. వాళ్ల నాన్నగారు ఈ జబ్బుతోనే పోయారు. వద్దన్నాం. అతనికి అక్కడి పౌరసత్వం వచ్చింది. విదేశీ పౌరుడిచ్చేది, ఇక్కడికొచ్చి రూపాయల్లో చేతికిచ్చినా, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉండాలి. ఆ నమోదు కావాలంటే సంఘానికి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు సేవకు ఖర్చు పెట్టి ఉండాలి. మనం ఏడాదికి ఐదు లక్షల దగ్గర ఉన్నాం. "తమ్ముడి ఖాతాకి వేసి అక్కడినుంచి ఇప్పించనా" అని అడిగాడు. అదీ వద్దన్నాం. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు మనసు బాగాలేదు. గల్ఫ్‌లో భారత పాస్‌పోర్టుతో ఉన్న మనవాళ్లు మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. ఇప్పటికే నలుగురు పంపుతున్నారు.

మిగులు 1,47,030 ఎందుకు ఉంచారని అడుగుతారు. 2025 ఏప్రిల్ నుంచి బండి అద్దె రోజుకు 1,000 అయింది, నెలకు 26 రోజులంటే 26,000. ఐదు నెలల అద్దె 1,30,000 ఎప్పుడూ చేతిలో ఉండాలని మా నిర్ణయం. బండి ఒక వారం ఆగితే ఏమవుతుందో ఆ పన్నెండు ఇళ్లవాళ్లకి తెలుసు. అయితే దీనికి ఇంకో వైపు ఉంది. ఏడాదిలో వచ్చిన 5,76,022లో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలని ఆదాయపు పన్ను నియమం. మనం సుమారు 22 వేలు తక్కువ పెట్టాం. ఆడిటర్ సలహా మీద, ఆ మొత్తాన్ని ఐదేళ్లలోగా డయాలసిస్ ప్రయాణాలకే వాడతామని తీర్మానం చేసి ఫారం 10 దాఖలు చేస్తున్నాం.

పుస్తకాలు, ఓచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా పంచాయతీ ఆఫీసు పక్కగదిలో ఉంటాయి. మీ రసీదు వెంట తెచ్చుకోండి, నంబరు కలిపి చూసుకోండి. దూరంలో ఉన్నవారు రసీదు ఫోటో పంపితే అడుగు ముక్క ఫోటో తీసి తిరిగి పంపుతాను.

కమిటీ తరఫున,
కోశాధికారి