మీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చెల్లక మా అమ్మాయి ఇంజనీరింగ్ పట్టా ఆగిపోవడంపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
12 జూలై 2024.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హైదరాబాద్.

విషయం: అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ చెల్లుతుందని చెప్పి అమ్మిన ఆరు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ గురించి.

అయ్యా,

2023 మే 9న మీ సంస్థకు 8,500 రూపాయలు కట్టి ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల్లో అమర్చే చిన్న కంప్యూటర్ల) ఇంటర్న్‌షిప్‌లో చేరిన విద్యార్థినికి నేను తండ్రిని. మీరిచ్చిన సర్టిఫికెట్‌ను మా అమ్మాయి కళాశాల తిరస్కరించింది. నాలుగేళ్లలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా బి.టెక్. పరీక్షలన్నీ గట్టెక్కినా, ఆ ఒక్క కారణంతో ఈ రోజుకీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ (తాత్కాలిక పట్టా) ఆమె చేతికి రాలేదు.

ఆమె పట్టా పొందాలంటే 160 క్రెడిట్లు ఉండాలి. దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే మండలి ఎ.ఐ.సి.టి.ఇ. 2018లో ఇచ్చిన నమూనా పాఠ్య ప్రణాళికలోని లెక్క కూడా ఇదే. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ పొడుగునా సాగితే ఒక క్రెడిట్, ప్రయోగశాలలో అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్ వస్తుంది. మా అమ్మాయికి 158 ఉన్నాయి. మిగిలిన 2 క్రెడిట్లు ఆరో సెమిస్టర్ తరువాతి వేసవి ఇంటర్న్‌షిప్‌కు కేటాయించినవి. గణితంలోనో, ఐచ్ఛిక పాఠ్యాంశాల్లోనో ఎంత మంచి గ్రేడు వచ్చినా, అదనంగా మరో కోర్సు చదివినా ఆ ఖాళీ నిండదు, ఎందుకంటే ఒక్కో విభాగంలో రావలసిన క్రెడిట్లు ఆ విభాగంలోనే రావాలన్నది నియమం. నాకు చిన్న దుకాణం ఉంది. బియ్యం బస్తాలో తూకం తగ్గితే పప్పు బస్తాతో సరిపెట్టలేమన్న సంగతి నాకు తెలుసు కనుక, కళాశాలను నేను తప్పుపట్టడం లేదు.

మీ ప్రతినిధి మా అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఈ సర్టిఫికెట్ దేశంలోని ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఇంటర్న్‌షిప్ క్రెడిట్లకు పనికి వస్తుందని ఆయన చక్కని తెలుగులో చెప్పారు. కళాశాల నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలన్న సర్క్యులర్ ఉందని మా అమ్మాయి అడిగితే, అది లాంఛనం మాత్రమేనని, కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్‌తో కలిపి ఇచ్చినా తీసుకుంటారని వాట్సాప్‌లో రాసి పంపారు. ఆ సందేశం ఇప్పటికీ మా దగ్గర ఉంది. ఆ మాట నమ్మి అనుమతి కోసం కళాశాలకు వెళ్లకపోవడం మా పొరపాటే, అంతవరకు ఒప్పుకుంటాను. అయితే కళాశాల తిరస్కరణకు అనుమతి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మిగిలిన కారణాలన్నీ మీ సర్టిఫికెట్‌లోనే ఉన్నాయి.

అందులో ఇంటర్న్‌షిప్ 2023 మే 15న మొదలై జూన్ 25న ముగిసిందని, మొత్తం 240 గంటలని అచ్చువేశారు. అంటే ఆదివారాలు మినహాయిస్తే రోజుకు 6 గంటల 40 నిమిషాల పని అన్నమాట. మా అమ్మాయికి సెమిస్టర్ పరీక్షలు మే 29 దాకా జరిగాయి. ఆమె మీ పోర్టల్‌లో మొదటిసారి లాగిన్ అయింది మే 31న. ఆ తేదీ మీ పోర్టల్‌లోనే నమోదై ఉంది. బ్యాచ్‌లో చేరిన వాళ్లందరికీ ఒకే తేదీలు, ఒకే గంటలు ముద్రించి పంపడం వల్ల, పరీక్ష హాలులో కూర్చున్న రోజుల్లోనే రోజుకు ఆరు గంటలకు పైగా ఇంటర్న్‌షిప్ కూడా చేసినట్లు ఆ కాగితం చెబుతోంది. కళాశాల మూల్యాంకన సంఘం ముందు నిలబడి, అబద్ధం ఆడినదానిలా తలవంచుకోవలసి వచ్చింది మా అమ్మాయి. డబ్బు పోయినదానికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

ఇక 240 గంటల సంగతి. పోర్టల్‌లో ఉన్న రికార్డు చేసిన వీడియోల నిడివి మొత్తం కూడితే 31 గంటలు. ప్రాజెక్టు పేరుతో ఇచ్చిన ఉష్ణోగ్రత సెన్సర్ ప్రోగ్రాం బ్యాచ్‌లో అందరికీ ఒక్కటే. దానికి జవాబు కూడా మీ పోర్టల్‌లోనే పెట్టారు. రోజువారీ డైరీ లేదు, పని చూసిన ఇంజనీరు పేరు లేదు, సంతకం లేదు, మార్కులు లేవు. విద్యార్థి రోజూ ఏం చేశాడో డైరీలో రాయాలని, పర్యవేక్షించిన వ్యక్తి దాన్ని చూసి సంతకం చేయాలని ఎ.ఐ.సి.టి.ఇ. ఇంటర్న్‌షిప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ప్రకటనలో ఆ మండలి పేరును మూడు చోట్ల వాడుకున్న మీరు, అది చెప్పిన డైరీని మాత్రం వదిలేశారు. పైగా ఏ పనికి క్రెడిట్లు ఇవ్వాలో తేల్చేది ఆయా విశ్వవిద్యాలయాల విద్యా మండళ్లే అయినప్పుడు, అన్ని విశ్వవిద్యాలయాల తరఫునా ముందే హామీ ఇచ్చే అధికారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆన్‌లైన్‌లో నేర్చుకోవడమే తప్పని నేను అనడం లేదు. మా అమ్మాయి ఐదో సెమిస్టర్‌లో ఐ.ఐ.టి.ల అధ్యాపకులు పాఠాలు చెప్పే ఆన్‌లైన్ వేదిక ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా పన్నెండు వారాల కోర్సు చేసింది. పాఠాలకు రుసుము లేదు, పరీక్షకు వెయ్యి రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, విశాఖపట్నంలోని కేంద్రానికి వెళ్లి అందరి మధ్య కూర్చుని రాసిన పరీక్షకు 75 శాతం. ఆ క్రెడిట్లను ఇదే కళాశాల మారుమాట లేకుండా జమ చేసుకుంది.

కళాశాల 2023 డిసెంబరులో అభ్యంతరం తెలిపింది. అప్పటికప్పుడే మీరు నిజమైన తేదీలతో, నిజమైన గంటలతో సవరించిన పత్రం ఇచ్చినా, లేదా ఇవ్వలేమని ఒక్క ముక్క రాసినా, సంక్రాంతి సెలవుల నుంచే ఆమె వేరే దారి చూసుకునేది. మీ సహాయ విభాగం జనవరిలో వారం రోజులు అడిగింది, ఫిబ్రవరిలో పది రోజులు అడిగింది. ఏప్రిల్‌లో వచ్చిన చివరి జవాబు ఏమిటంటే, సర్టిఫికెట్ అందజేయడంతో సేవ పూర్తయిందని, క్రెడిట్ల నిర్ణయం కళాశాలదేనని నిబంధనల్లో ఉందని. ఆ నిబంధన ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, డబ్బు కట్టిన తరువాత వచ్చిన రసీదు అడుగున ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పి, జనానికి అర్థమయ్యే భాషలో రాయాలని పట్టుబట్టిన ఊరు మాది. అమ్మేటప్పుడు తెలుగులో మాట్లాడిన వారు ఆ షరతును కూడా తెలుగులోనే ఒక్క వాక్యంలో చెప్పి ఉండాల్సింది.

ప్రస్తుతం మా అమ్మాయి విశాఖపట్నంలో మా వదినగారి ఇంట్లో ఉండి, ఒక చిన్న సంస్థలో జూన్ 3 నుంచి మళ్లీ ఆరు వారాల ఇంటర్న్‌షిప్ చేస్తోంది. అది రేపటితో ముగుస్తుంది. ఆ తరువాత నివేదిక, వైవా (మౌఖిక పరీక్ష), ఫలితాల ప్రకటన జరగాలి. ఆమెకు ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ జూలై 31 లోపల ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించమంది. ఆ గడువు పొడిగించమని వేడుకుంటూ రాశాం, జవాబు రాలేదు.

కాబట్టి మేము కట్టిన 8,500 రూపాయలు, రెండోసారి ఇంటర్న్‌షిప్‌కు ప్రయాణాలకూ భోజనానికీ అయిన 6,400 రూపాయలు, మొత్తం 14,900 రూపాయలు తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. ఇంతకన్నా ముఖ్యంగా, సర్టిఫికెట్‌లోని తేదీలు బ్యాచ్‌కు చెందినవని, మా అమ్మాయి చెప్పి వేయించుకున్నవి కావని కళాశాల ప్రిన్సిపాల్ గారి పేరున మీ లెటర్‌హెడ్‌పై రాసి, దానికి పోర్టల్ లాగిన్ వివరాలు జతచేసి పంపాలి. ఆ ఉత్తరంతో క్రెడిట్లు రావని మాకు తెలుసు, కానీ ఆమె మాట నిజమని ఆ సంఘానికి తెలుస్తుంది. అన్ని విశ్వవిద్యాలయాల్లో చెల్లుతుందన్న వాక్యాన్ని మీ ప్రకటనల నుంచి తీసివేయాలి. ఈ వేసవిలో కూడా మా వీధిలో ఇద్దరు పిల్లలకు అదే ప్రకటన వచ్చింది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు. లేనిపక్షంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చారని ఫిర్యాదు చేస్తాను. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలు ఆ చట్టం కల్పించింది కనుక, నేను హైదరాబాద్ రానక్కర లేదు. మీరే గజపతి జిల్లా కమిషన్‌కు రావలసి ఉంటుంది. చెల్లింపు రసీదు, వాట్సాప్ సందేశాలు, కళాశాల తిరస్కరణ పత్రం, పరీక్షల కాలపట్టిక నకళ్లు దీనితో జతచేశాను.

ఇట్లు,
భవదీయుడు,
విద్యార్థిని తండ్రి.