నూనె చుక్కే కదా అనుకోవద్దు

సంపాదకుడికి నమస్కారం. మైక్రోస్కోపుల మీద మీరు వేసిన వ్యాసంలో వంద రెట్లు పెద్దగా చూపే 100ఎక్స్ లెన్సుకూ స్లైడుకూ మధ్య ఏ నూనె చుక్కైనా చాలన్నారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకది మింగుడుపడలేదు. ఆ నూనె వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) గాజుకు దగ్గరగా, సుమారు 1.515 ఉండాలి. అప్పుడే స్లైడు నుంచి వాలుగా వచ్చే కాంతి పక్కకు పోకుండా లెన్సులోకి చేరుతుంది. మధ్యలో గాలే ఉంటే న్యూమరికల్ అపర్చర్ (లెన్సు ఎంత వాలు కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 1 దాటదు, సరైన నూనెతో 1.4 దాకా వెళ్తుంది.

పాతకాలపు సెడార్ నూనె పసుపెక్కి, ఎండితే బంకలా గట్టిపడుతుంది. దాన్ని ఇంకా కొనేవాళ్లున్నారంటే ఆశ్చర్యమే! సింథటిక్ నూనె మేలు. సీసా మీది గుణకం సాధారణంగా 23 డిగ్రీల దగ్గర కొలిచింది. 37 డిగ్రీల్లో బతికున్న కణాలను చూసేవాళ్లు ఆ వేడికి తగినది అడిగి తీసుకోవాలి. ఫ్లోరెసెన్స్ పనికైతే, అంటే నమూనాను కాంతితో మెరిపించి చూసేందుకైతే, తాను మెరవని నూనె కావాలి. పలచటి నూనెలో గాలి బుడగలు తక్కువ. రెండు రకాల నూనెలు మాత్రం కలపొద్దు, మసకేస్తుంది. నూనె లేకుండా వాడే 40ఎక్స్ డ్రై లెన్సుకు నూనె అంటనివ్వకండి. మా దగ్గర కొత్తవాళ్లతో ఎప్పుడూ ఇదే టెన్షన్.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్