వాంగ్ కిమ్ ఆర్క్ ఎవరో మన ఇళ్లలో తెలియాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికాలో పుట్టే పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఇవ్వొద్దని 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి మన పత్రికలు దాన్ని వీసా వార్తగానే రాస్తున్నాయి. హెచ్‌1బీ వాళ్ల గతేమిటి, స్టూడెంట్ వీసా మీదున్న జంటకు పుట్టే బిడ్డ సంగతేమిటి, ఇంతే. ఉత్తర్వు అమల్లోకి రావాల్సిన ఫిబ్రవరి 19 దాటితే బిడ్డకు పౌరసత్వం రాదేమోనని, నెలలు నిండకుండానే సిజేరియన్ చేయమని కొందరు డాక్టర్లను అడుగుతున్నారని కూడా అప్పట్లో చదివాం. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, మా అమ్మాయి ఉండేదీ అక్కడే. కానీ ఆ హక్కు ఎవరి కోసం పుట్టింది, మన పిల్లల దాకా ఎలా వచ్చింది అన్న మాట మాత్రం ఎక్కడా కనబడదు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, నాకే తెలియదు. 2023లో మా అమ్మాయి పౌరసత్వ పరీక్షకు చదువుతున్నప్పుడు న్యూజెర్సీలో వాళ్లింట్లో ఉన్నాను. అప్పటి పద్ధతిలో వంద ప్రశ్నల జాబితా ముందే ఇచ్చేవారు. అందులో పది అడుగుతారు, ఆరు చెబితే పాసు. మా అమ్మాయి పప్పుకు తాలింపు పెడుతుంటే నేను కాగితాలు పట్టుకుని అడిగేవాణ్ణి. రాజ్యాంగానికి ఎన్ని సవరణలు? ఇరవై ఏడు. యూరప్ వాళ్లు రాకముందు ఇక్కడ ఉన్నదెవరు? ఎవరిని తెచ్చి బానిసలుగా అమ్మారు? మార్టిన్ లూథర్ కింగ్ ఏం చేశారు? తను చేసిన పాపాన్ని కూడా కొత్తగా వచ్చేవాళ్ల పరీక్షలో పెట్టిందే ఈ దేశం అనుకున్నాను. మనవాళ్లు మాత్రం దాన్ని బిట్ పేపర్‌లా బట్టీపట్టి గట్టెక్కుతున్నారు. మా అమ్మాయీ అంతే.

ఆ జవాబుల వెనకున్న కథ తర్వాత తీరిగ్గా చదివాను. 1790 నాటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకే పౌరసత్వం. నల్లవాళ్లు పౌరులు కానే కారని 1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో సుప్రీంకోర్టే తేల్చింది. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో 14వ సవరణ వచ్చింది. అమెరికా గడ్డ మీద పుట్టి ఆ దేశ చట్టాల పరిధిలో ఉన్నవాళ్లంతా పౌరులేనని రాసుకున్నారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం రాసిన మాట అది. దాన్ని వలస వచ్చినవాళ్ల బిడ్డల దాకా తెచ్చినవాడు ఒక వంటవాడు, వాంగ్ కిమ్ ఆర్క్. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ దిగనివ్వకుండా ఓడలోనే ఆపేశారు. కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు అతని పక్షాన, ఇద్దరు ఎదురు. ట్రంప్ ఉత్తర్వు మీద వాదించినవాళ్లంతా ప్రస్తావించిన తీర్పు ఇదే.

ఇక మన దేశం వాళ్ల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం అడిగాడు. నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అన్నది ఆయన వాదన. నవ్వాలో ఏడవాలో తెలియదు. 1923లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. అంతకుముందే పౌరులైన భారతీయుల నుంచి కూడా పౌరసత్వం వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. అలా పోగొట్టుకున్న వైష్ణోదాస్ బాగాయ్ అనే వ్యాపారి 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మళ్లీ పౌరసత్వానికి దారి తెరిచింది 1946లో, అప్పుడూ కొత్తగా వలస రానిచ్చింది ఏడాదికి వంద మందినే. అసలు తలుపు తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం సాధించుకున్న ఆ ఊపులోనే అదీ వచ్చింది.

మావాడు తెలివితేటలతో అమెరికన్ అయ్యాడండీ అంటుంటారు మన ఊళ్లలో. కాదనను. 1965కి ముందు మనవాళ్లకు తెలివి లేదా మరి? నల్లవాళ్లుండే పేట అయితే ఇల్లు కొనొద్దురా అని సలహా ఇచ్చేదీ ఈ నోళ్లే. మా చుట్టాలిళ్లలోనే విన్నాను.

పౌరసత్వ ప్రమాణం రోజు నేనూ వెళ్లాను. లోపలికి వెళ్లేటప్పుడే మా అమ్మాయి గ్రీన్‌కార్డు తీసేసుకుని, చేతిలో చిన్న జెండా పెట్టారు. దేశం పేరు పిలుస్తుంటే ఆ దేశం వాళ్లు లేచి నిలబడ్డారు. పరాయి ప్రభుత్వాలకు విధేయత వదులుకుంటున్నానన్న మాట దగ్గర నాకు కలుక్కుమంది, దాచుకోను. అయితే ఆ ప్రమాణంలో ఫలానా రంగు అని లేదు, ఫలానా మతం అని లేదు. రాజ్యాంగాన్ని కాపాడతానన్నదే ముఖ్యమైన మాట. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో, నా దేశం నుంచి పొండి అని అరిచి మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడూ అమెరికనే. ఆ దుండగుణ్ణి ఆపబోయి తూటా తిన్న తెల్ల కుర్రాడూ అమెరికనే. ఆ ప్రమాణం నాకు అర్థమైంది ఆ కుర్రాణ్ణి తలుచుకున్నాకే.

ఇకముందు ఈ వీసా వార్తలు వేసేటప్పుడు పక్కన ఒక బాక్సులోనైనా ఆ చైనా వంటవాడి కేసు వేయండి. చదివేవాళ్లున్నారు.

అన్నట్టు, మా అమ్మాయిని ఇంటర్వ్యూలో బానిసల ప్రశ్న అడగనే లేదట. సుప్రీంకోర్టులో జడ్జీలు ఎందరని అడిగారట. తొమ్మిదిమంది అంది. వరసగా ఆరు సరిగ్గా చెప్పేసరికి, చాలమ్మా అని ఫైలు మూసేశారట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
తెనాలి