గెలిచినవారి కోటలే వేల్స్ చరిత్ర కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో వేల్స్ కోటల మీద వచ్చిన వ్యాసం చదివాను. కాన్వీ, కెర్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలను కళ్లకు కట్టినట్టు వర్ణించారు. అయితే వాటిని వేల్స్ ప్రజల పౌరుషానికి గుర్తులుగా చెప్పడం నాకు బాధ కలిగించింది. ఆ నాలుగూ వేల్స్‌ను అణచి ఉంచడానికి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించినవి. కాన్వీలో కోటకు చోటు కోసం అక్కడి క్రైస్తవ సన్యాసుల మఠాన్నే వేరే ఊరికి తరలించాడు. వేల్స్ పాలకుల్లో మహానుభావుడిగా పేరుపొందిన లెవెలిన్ అప్ యోర్వెర్త్‌ను ఖననం చేసింది ఆ మఠంలోనే.

ఆ లెవెలిన్ కట్టించిన కోట ఒకటి దిసిన్నీ లోయలో శిథిలమై ఉంది. పేరు కాస్టెల్ అ బెరె. కాడెర్ ఇద్రిస్ పర్వతానికి దిగువన, పొడవాటి రాతి గుట్ట మీద 1221 ప్రాంతంలో దాని నిర్మాణం మొదలైంది. గుట్ట ఎటు వంపు తిరిగితే గోడలూ అటే తిరుగుతాయి. రెండు కొసలనా ఉన్న బురుజులను దగ్గరికి వెళ్లి చూడాలి. ఒక పక్క చదునుగా, బయటి పక్క అర్ధచంద్రాకారంగా ఉంటాయి. వేల్స్ పాలకులు మక్కువతో కట్టించుకున్న తీరు అది. ప్రవేశం దగ్గర బండరాతిని తొలిచి చేసిన కందకం ఈనాటికీ స్పష్టంగా కనిపిస్తుంది. 19వ శతాబ్దపు తవ్వకాల్లో ఇక్కడ చక్కగా చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. కేవలం సరిహద్దు కాపలాకు కట్టిన కోటకు అంత శిల్పం చేయించరు కదా!

లెవెలిన్ మనవడు, పేరు కూడా లెవెలినే, 1282 డిసెంబరులో ఎడ్వర్డ్ సైన్యంతో పోరులో చనిపోయాడు. తమ్ముడు దావిద్ యుద్ధం కొనసాగించాడు. 1283 ఏప్రిల్ 25న ఈ కోట ఇంగ్లిషు సైన్యానికి లొంగిపోయింది. రెండు నెలలకు దావిద్ కూడా చిక్కాడు. అక్టోబరులో ష్రూస్‌బరీలో అతన్ని ఉరితీసి, శరీరాన్ని ముక్కలు చేశారు. ఎడ్వర్డ్ కోటకు మరమ్మతులు చేయించి, పక్కనే ఒక పట్టణాన్ని నెలకొల్పాలని చూశాడు. 1294లో వేల్స్ రాజవంశీకుడు మాడోగ్ నాయకత్వంలో ఇంగ్లిషు పాలన మీద తిరుగుబాటు చెలరేగింది. ఆ తరువాత కోటనూ పట్టణాన్నీ వదిలేశారు. ఇప్పుడు ఆ పట్టణం ఆనవాళ్లు కూడా కనబడవు.

యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఎడ్వర్డ్ కోటలను, వాటి పట్టణ ప్రాకారాలను. వాటి నిర్మాణ కౌశలాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఓడిన పాలకుల కోటలు ఆ జాబితాలో లేకపోవడం వల్ల సగం కథే ప్రపంచానికి చేరుతోంది. ప్రయాణ వ్యాసాలూ అదే సగాన్ని తిరగరాస్తున్నాయి. ఓడినవారు కట్టుకున్న కోటలకూ ఆ గుర్తింపు దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు సెలవులకు ఉత్తర వేల్స్ వస్తూనే ఉంటాయి. హార్లెక్ చూసినవారు మరి కాస్త దక్షిణంగా వస్తే చాలు. వేల్స్ ప్రభుత్వ వారసత్వ విభాగం సంరక్షణలో ఉన్న ఈ కోటకు ప్రవేశ రుసుము లేదు. పక్కనే లాన్‌విహాంగెల్ ఎ పెనాంట్ గ్రామం. బైబిలు కోసం 1800లో బాలా పట్టణం వరకు నడిచి వెళ్లిన మేరీ జోన్స్ కథ చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్నవారికి ఆమె ఇంటి శిథిలం కూడా అక్కడే కనిపిస్తుంది. వానకు కోట రాళ్లు జారుతాయి, పైగా గోడలు సగానికి సగం కూలి ఉన్నాయి కాబట్టి పిల్లలను వాటి మీదికి ఎక్కనివ్వకండి.

మీ అనుబంధంలో వేల్స్ పాలకులే కట్టించిన కాస్టెల్ అ బెరె, డోల్‌బాడర్న్, డోల్‌విడెలాన్ కోటల మీద మరో వ్యాసం వేయించాలని, ఎడ్వర్డ్ కోటలు వేల్స్ ప్రజల పౌరుషానికి గుర్తులని మొదటి వ్యాసంలో వచ్చిన మాటను సవరిస్తూ చిన్న వివరణ అయినా ప్రచురించాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
చెస్టర్, ఇంగ్లండ్