డీకోడర్ కాలింది మీ బెంచి మీదే: డబ్బు వాపసు, ఇంజన్ మరమ్మతు కోరుతూ ఫిర్యాదు

కాజీపేట

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: రెండు హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ ఇంజన్లకు డిజిటల్ డీకోడర్లు అమర్చడంలో జరిగిన లోపం, వారంటీ నిరాకరణ గురించి.

అయ్యా,

మీకు డబ్బు కట్టి డీకోడర్లు (పట్టాల్లో వచ్చే డిజిటల్ ఆదేశాలు అందుకుని మోటారును, దీపాలను నడిపే చిన్న సర్క్యూట్లు) పెట్టించుకున్న రెండు మోడల్ ఇంజన్లు పోయిన నెల కొరియర్‌లో నాకు చేరాయి. ఒకటి అసలు కదలదు. రెండోది నడుస్తుంది గానీ దీపాలు వెలగలేదు. ఈ సంగతి మీ సర్వీసు వాళ్లకు రాస్తే, "కస్టమర్ అనలాగ్ పట్టాల మీద ఎక్కువ ఓల్టేజీ ఇచ్చినందువల్ల డీకోడర్ కాలిపోయింది, వారంటీ వర్తించదు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు (అనలాగ్ అంటే డీకోడర్ లేకుండా, పట్టాల్లో ఓల్టేజీని పెంచి తగ్గించి నడిపే పాత పద్ధతి). ఆ మాట నిజం కాదు. ఎందుకు కాదో వివరంగా రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని ఆఫీసులోనే ఫైలు చెయ్యకుండా, బెంచి దగ్గర కూర్చుని టంకం పెట్టే మనిషి దాకా పంపమని మనవి.

కదలని ఇంజన్ మోడల్ రైళ్లు చేసే అథర్న్ కంపెనీ వారి పాత తరం ఆల్కో పీఏ-1. శాంటా ఫే రైల్వే ఎరుపు, వెండి రంగులది. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. నేను ఇక్కడి డీజిల్ లోకో షెడ్డులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసంతా డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లతోనే గడిచింది. అవీ అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్‌వే. అదే కంపెనీ 1946 నుంచి స్కెనెక్టడీలో తయారుచేసిన పీఏ అంటే నాకు మొదటినుంచీ ప్రాణం. చేతిలో ఇమిడే బొమ్మే కావచ్చు, దాన్ని నేను చూసుకున్నది మాత్రం ఇంజన్‌లాగే.

ముందు డీకోడర్ ఎంపిక సంగతి. "ఏ అనలాగ్ హెచ్‌ఓ ఇంజన్‌కైనా సరిపోతుంది" అని మీరు ఒక 1 ఆంపియర్ డీకోడర్‌ను ప్రకటిస్తున్నారు. అన్ని ఇంజన్లకూ సరిపోయే డీకోడర్ అంటూ ఏదీ లేదు. ఇంజన్ లాగే కరెంటును బట్టి డీకోడర్‌ను ఎంచుకోవాలి. అదీ మామూలుగా నడిచేటప్పుడు లాగే కరెంటు కాదు, మోటారు పట్టేసినప్పుడు లాగే కరెంటు. ఆ లెక్క తెలుసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. 12 ఓల్టుల డీసీ సప్లయికి వరసలో అమ్మీటర్ కలిపి, మోటారు షాఫ్టును ఒక్క క్షణం వేళ్లతో బిగించి ఆపి, సూది ఎక్కడ నిలబడిందో చూస్తే చాలు. నేను చూస్తే 1.3 ఆంపియర్లు వచ్చింది. ఆ అంకెను చీటీ మీద రాసి ఇంజన్ పెట్టెలోనే పెట్టి పంపాను. ఈ మోటారుకు 1.5 ఆంపియర్ల డీకోడర్ పెట్టండి, ధర తేడా ఉంటే కడతాను, తీసేసిన భాగాలన్నీ తిరిగి పంపండి అని కూడా అందులోనే రాశాను. ఆ చీటీ మడత కూడా విప్పకుండా అదే పెట్టెలో తిరిగొచ్చింది. లోపల ఉన్నది మీ 1 ఆంపియర్ డీకోడరే. ఈ రోజుల్లో వచ్చే చిన్న డబ్బా మోటార్లకు అది చక్కగా సరిపోతుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పాత మోటార్ల దారి వేరు.

అసలు తప్పు ఇంకోటి ఉంది. ఈ తరం అథర్న్ ఇంజన్లలో లోహపు ఫ్రేమే ఒక తీగలా పనిచేస్తుంది. ఒకవైపు పట్టా నుంచి వచ్చే కరెంటు చక్రాలు, వాటిని మోసే చట్రాల మీదుగా ఫ్రేములోకి చేరుతుంది. మోటారు అడుగున కింది బ్రష్‌ను (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కను) పట్టుకుని ఉండే క్లిప్పుకు రెండు చిన్న కొమ్ములుంటాయి. అవి ఫ్రేముకు ఒరుసుకుంటూ ఆ కరెంటును అందుకుంటాయి. రెండోవైపు పట్టా కరెంటు మోటారు పైన పొడవుగా ఉండే లోహపు పట్టీ ద్వారా పై బ్రష్‌కు వస్తుంది. అనలాగ్‌లో నడిపినంత కాలం ఇది చవకైన, మొండి ఏర్పాటు. దానితో ఏ పేచీ లేదు.

డీసీసీలో, అంటే డీకోడర్‌తో నడిపే డిజిటల్ పద్ధతిలో, అలా కుదరదు. ఎరుపు, నలుపు తీగలు పట్టాల నుంచి కరెంటును డీకోడర్‌కు తేవాలి. నారింజ, బూడిద రంగు తీగలు డీకోడర్ నుంచి మోటారుకు వెళ్లాలి. మధ్యలో డీకోడర్ తప్ప ఈ రెండు జతలకూ ఎక్కడా సంబంధం ఉండకూడదు. మోటారు తాలూకు ఒక కొస ఫ్రేముకు తగిలి ఉంటే, డీకోడర్ ఆ కొసకు కరెంటు ఇవ్వబోయిన క్షణంలో మోటారు చుట్టలు అడ్డం లేకుండానే అది నేరుగా పట్టాకు చేరిపోతుంది. పట్టాల మీద ధ్రువాలు సెకనుకు వేలసార్లు తారుమారవుతుంటాయి కాబట్టి ఆ క్షణం రావడానికి ఎంతోసేపు పట్టదు. చిటికెలో డీకోడర్ లోపలి ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి.

మీ పనివాడు చేసింది చెబుతాను. పై పట్టీ తీసేశాడు. పై క్లిప్పుకు నారింజ తీగ, కింది క్లిప్పు పక్కన బూడిద తీగ టంకం పెట్టాడు. టంకం శుభ్రంగానే ఉంది. కింది క్లిప్పు కొమ్ములను మాత్రం ముట్టుకోలేదు. అవి ఇంకా ఫ్రేముకు ఆనుకునే ఉన్నాయి. మోటారును విప్పి, ఆ రెండు కొమ్ములు కత్తిరించి, కింద కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు ముక్క ఒకటి పరిచి, మళ్లీ బిగించాల్సిన పని. పట్టుమని అరగంట కూడా పట్టదు. ఆ తరవాత మల్టీమీటర్ కొన ఒకటి బూడిద తీగ మీద, ఇంకోటి ఫ్రేము మీద పెడితే బజర్ మోగకూడదు. మోగిందా, పట్టాల మీద పెట్టకూడదు. మా షెడ్డులో ఏ ట్రాక్షన్ మోటారు బయటికి వెళ్లాలన్నా ముందు మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసేవాళ్లం. డబ్ల్యూడీఎం-2లో పవర్ సర్క్యూట్ ఎక్కడైనా బాడీకి తగిలితే గ్రౌండ్ రిలే పడిపోయి ఇంజన్ శక్తి తీసుకోవడం ఆపేస్తుంది. ఈ బుల్లి ఇంజన్‌కు అలాంటి కాపలా లేదు. దీనికి కాపలా అంటే పని చేసినవాడి మల్టీమీటరే.

ఇక ఎవరి చేతిలో కాలిందన్న విషయం. పెట్టె తెరిచాక నేను ఇంజన్‌ను నేరుగా మెయిన్ పట్టాల మీదికి ఎక్కించలేదు. కొత్త డీకోడర్ పెట్టిన దేన్నయినా ముందు ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ సెట్టింగులు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా) మీదే పెట్టి చూస్తాను. అక్కడ కమాండ్ స్టేషన్ (పట్టాలకు డిజిటల్ ఆదేశాలు పంపే పెట్టె) చాలా తక్కువ కరెంటే వదులుతుంది కాబట్టి లోపల పొరపాటున్నా డీకోడర్‌కు ప్రాణాపాయం ఉండదు. బాగున్న డీకోడర్ అయితే, అడిగినప్పుడు మోటారును ఒక్కసారి కదిలించి, 60 మిల్లీ ఆంపియర్ల చిన్న కుదుపుతో జవాబిస్తుంది. డీకోడర్ తన సెట్టింగులను సీవీలు అనే నంబర్ల గళ్లలో దాచుకుంటుంది. అడ్రసు కోసం సీవీ 1 అడిగాను, తయారీదారు నంబరు కోసం సీవీ 8 అడిగాను. రెండింటికీ జవాబు లేదు. అప్పుడు పై తొడుగు ఊడదీశాను. డీకోడర్ మీది పారదర్శకపు ప్లాస్టిక్ తొడుగు ఒక మూల పొంగి, గోధుమరంగు మచ్చ కట్టి ఉంది. లోపలివైపు చిన్న రంధ్రం, దాని చుట్టూ మసి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన ఇన్సులేషన్ వాసన ఇంకా వస్తోంది. షెడ్డులో నా వయసంతా పీల్చిన వాసన అది. ఫోటోలు వెంటనే తీశాను, తేదీ, సమయంతో సహా ఈ లేఖకు జతచేస్తున్నాను. ప్రోగ్రామింగ్ పట్టా మీది కరెంటుకు ఇలా కాలదు కాబట్టి, ఆ డీకోడర్ మా ఇంటికి వచ్చేసరికే చచ్చిపోయి ఉంది.

"అనలాగ్ పట్టాలు" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. మా ఇంట్లో అనలాగ్ లేఅవుట్ లేదు. పోనీ ఉందనే అనుకుందాం. మీ డీకోడర్‌తో వచ్చిన కాగితంలోనే సీవీ 29 విలువ 6 అని ఉంది. అంటే అనలాగ్‌లో నడిచే వీలు ఫ్యాక్టరీలోనే తెరిచి ఉంచారు. అనలాగ్ పట్టా మీద నడుస్తుందని మీరే అచ్చు వేసిన వస్తువు, ఆ పట్టా తగలగానే కాలిపోయిందని మీరే ఎలా అంటారు?

రెండో ఇంజన్ గురించి ఎక్కువ రాయను. దానికి ఎనిమిది పిన్నుల సాకెట్ ముందే ఉంది, టంకం పని కూడా లేదు. ప్లగ్గును తలకిందులుగా గుచ్చారు. అలా గుచ్చితే బండి నడుస్తుంది, దీపాలు వెలగవు. ప్లగ్గు తీసి ఒకటో పిన్నును దాని స్థానంలో పెట్టగానే ముందు దీపం, వెనక దీపం రెండూ వెలిగాయి. దీనికి నేను పైసా అడగడం లేదు. కానీ రెండు పెట్టెల్లోనూ "పరీక్షించి పంపుతున్నాం" అని ముద్ర వేసిన కార్డు ఉంది, దాని కింద సంతకం ఉంది. పట్టాల మీద పెట్టి ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే ఒకటి కదలదనీ, రెండోదానికి దీపం లేదనీ కళ్లకు కనపడేది. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఆ సంతకమే. షెడ్డులో ఫిట్ అని సంతకం పెడితే ఆ ఇంజన్ వెనక వెయ్యి మంది ప్రయాణికులు కూర్చునేవారు. బొమ్మ ఇంజన్‌కు అంత బరువు లేదని నాకు తెలుసు. అయినా చెయ్యని పరీక్షకు సంతకం పెట్టడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఇంకో మాట. ఇప్పుడిప్పుడే హైదరాబాద్‌లో, విజయవాడలో కుర్రాళ్లు ఈ సరదాలోకి వస్తున్నారు. విదేశాల నుంచి ఎవరో తెచ్చిన పాత అనలాగ్ ఇంజన్, దాచుకున్న డబ్బుతో కొన్న ఒక డీకోడర్, వాళ్ల దగ్గర ఉండేది అంతే. వాళ్లకు మల్టీమీటర్ పట్టడం తెలియకపోవచ్చు. మీరు "మీ తప్పే" అంటే నమ్మి ఊరుకుంటారు. నేను ఊరుకోకపోవడానికి అది కూడా కారణం.

నేను కోరుతున్నవి ఇవి. పీఏ-1కు వేసిన డీకోడర్ ధర 3,400 రూపాయలు, అమరిక కూలీ 1,500 రూపాయలు, మొత్తం 4,900 రూపాయలు వాపసు ఇవ్వాలి. అలా వద్దనుకుంటే, కనీసం 1.5 ఆంపియర్ల డీకోడర్‌ను మోటారును ఫ్రేము నుంచి పూర్తిగా వేరుచేసి, మీ ఖర్చుతో అమర్చి ఇవ్వాలి. ఫ్రేముకూ మోటారుకూ మధ్య మల్టీమీటర్ రీడింగును ఈసారి కార్డు మీద అంకెల్లో రాయాలి. మీరు తీసి ఉంచుకున్న పై పట్టీని ఏ దారిలోనైనా సరే తిరిగి పంపాలి. అది ఆ ఇంజన్ భాగం, నా సొత్తు. "ఏ ఇంజన్‌కైనా" అన్న ప్రకటనను తీసేసి, మోటారు పట్టేసినప్పుడు లాగే కరెంటు చూసుకొమ్మని అక్కడ రాయాలి. నామీద మోపిన కారణాన్ని వెనక్కి తీసుకుంటూ ఒక ఉత్తరం కూడా రాయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. కొనుగోలుదారు తానున్న చోటే ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. కాలిన డీకోడర్‌ను ఇంజన్‌లోంచి తియ్యలేదు. మీ టెక్నీషియన్ వచ్చి చూస్తానంటే, తీగ కూడా కదపకుండా అలాగే ఉంచుతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతపరిచినవి: ఇన్‌వాయిస్ నకలు, రెండు పరీక్ష కార్డుల నకళ్లు, నేను పంపిన చీటీ నకలు, డీకోడర్, కింది క్లిప్పుల ఫోటోలు, మీ సర్వీసు విభాగం ఇచ్చిన జవాబు.